నారమ్మ బావిలో సున్నపురాయి

పొద్దున్నే గొడ్లకు కుడితి పెట్టి, మిగిలిన జొన్న అంబలిని బావి గట్టు మీద పోయడం నారమ్మకు అలవాటు. బావి గోడలో నల్లరాయి మధ్య మూరెడు మందాన సున్నపురాయి పొర ఉంది. అందులోని రాతినత్తలు అంబలి తాగి ఉన్నచోటే పడి ఉంటాయి. ఒక్కపూట పోయకపోతే అలిగి, పొరనంతా వీపున వేసుకుని ఇంకొకరి చేనుకు పోతాయి. ఝరాసంగం పక్క ఊళ్లలో ఇది అందరికీ తెలిసిందే.

నారమ్మ కూతురు గ్లోరీ పీహెచ్‌డీ కోసం మూడేళ్లు బావిలోకి దిగి, ఆ పొరను జానెడు జానెడు కొలిచి, ఏ నత్త ఎక్కడుందో బొమ్మ గీసుకుంది. కొత్త రాతిపొరకు అది దొరికిన చోటు పేరే పెడతారు కాబట్టి 'నారమ్మబావి సున్నపురాయి' అని పుస్తకంలో రాసుకుంది. ఆమె గైడు చందర్ సారు, చూసి ఇస్తానని ఆ పుస్తకం పట్టుకెళ్లాడు. ఆర్నెల్లకు అదంతా పత్రికలో అచ్చయింది, ఆయన ఒక్కడి పేరుతో. పొర పేరు చిరాగ్‌పల్లి సున్నపురాయిగా మారింది. హైవే మీద ఆయన చాయ్ తాగడానికి ఆగే ఊరది. బావిలోకి మాత్రం ఒక్కనాడూ దిగిన పాపాన పోలేదు.

గ్లోరీకి ఒళ్లు మండిపోయింది.

"నా మూడేండ్ల కష్టం మింగిండమ్మా. నలుగుట్ల వాని ఇజ్జత్ తియ్యాలె."

"ఫికర్ చెయ్యకు బిడ్డా. పొరను చూడనీకి పెద్దోళ్లు ఎప్పుడొస్తున్రు?"

"సోమవారం."

"అయితే ముందురోజు ఐతారం అంబలి పొయ్యను."

సోమవారం రాతిపొరల పేర్లు ఖాయం చేసే కమిటీ వచ్చింది. కమిటీ పెద్ద ప్రియదర్శిని మేడం బావిలోకి తొంగి చూసింది. అడుగు నుంచి గట్టు దాకా నల్లరాయే.

"పేరు పెట్టిన పొర ఎవరొచ్చినా కళ్లారా చూసేట్టు ఉండాలి కదా చందర్ గారూ. ఏదండీ?"

"ఇక్కడే ఉండాలి మేడం."

"మీరు చివరగా ఎప్పుడు చూశారు?"

సారు పత్రిక తిరగేసి అందులోని బొమ్మ వెతికాడు. మేడం చిరాగ్‌పల్లి పేరు కొట్టేసి, కింద ఆయన చేతే సంతకం పెట్టించింది. గ్లోరీకి కడుపు సగమే చల్లబడింది.

"అమ్మా, ఇగ అంబలి పొయ్యి."

నారమ్మ చెంబు వంచింది. పక్క అల్లం చేను దిక్కు నుంచి తెల్లటి పొర గరగరమంటూ వచ్చి నల్లరాయి మధ్య సర్దుకుంది. మేడం కళ్లద్దాలు తుడుచుకుని కొత్త కాగితం తీసింది.

"కొలిచేదెవరమ్మా?"

"నేనే మేడం. నారమ్మబావి సున్నపురాయి అని రాసుకోండి."

టేపు రెండో కొస పట్టడానికి మనిషి కావాల్సి వచ్చింది.

"సార్, జర మీరు దిగున్రి," అంది గ్లోరీ.

సారు ఇస్త్రీ ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి నీళ్లలో దిగాడు. మొదటి కొలత సరిగ్గానే వచ్చింది. అయినా "మల్ల పట్టున్రి సార్" అంటూ, పొద్దు నడినెత్తికి వచ్చేదాకా ఆయనను నీళ్లలోనే నిలబెట్టింది.