రేడియ చెప్పని రాళ్లవాన

సత్తమ్మకు యాష్టకొచ్చింది. రాదా మరి? గొర్ల బొచ్చు కత్తిరియ్యనీకె కట్టంగూరు నుంచి వచ్చిన చుట్టాలు కత్తెర్లు చూరుల చెక్కి, పొద్దుగాల రొట్టెలు, పగటీలి గటుక, రాత్రి మల్ల రొట్టెలు తినుకుంట అరుగు మీద కాళ్లు చాపుకొని కూసున్నరు. ఇయ్యాల కత్తిరిస్తం, రేపు కత్తిరిస్తం అనుకుంటనే వారం గడిచింది.

"చెల్లె, తొక్కుల జర ఉప్పు తక్కువైంది," అన్నడు భిక్షం. ఆమె ఆడబిడ్డ మొగడు. అన్న వరుస అయితడని నోరు మూసుకున్నది గానీ, లేకుంటే తొక్కు గిన్నె నెత్తి మీద బోర్లిచ్చేది.

ఇదంతా ఆమె మొగడు గుర్వయ్య చేసిన నిర్వాకమే. బొచ్చు తీసిన గొర్రె సల్లటి వానల తడిస్తే వణికి వణికి తెల్లారేసరికి బిగుసుకపోతది. మంద కాసెటోళ్లకు ఎరుకలేనిదా ఇది? అందుకే కత్తెర పట్టేముందు మబ్బును చూస్తరు, గాలిని చూస్తరు. గుర్వయ్య గిదంతా బందువెట్టిండు. పంచాయతి ఆఫీసుల రేడియ పెట్టిన సంది రోజూ పొద్దుగూకంగ పోయి దాని ముందల కూసుంటడు. అది ఏమంటే అదే.

"రేపు వద్దే. తెలంగాణల ఒకటి రెండు చోట్ల జల్లులు పడతయట."

"ఏ చోట్ల?"

"గది చెప్పలే."

"మరి గా ఒకటి రెండు చోట్లు మనూరే అని నీకెవలు చెప్పిండ్రయ్యా? మనూరొకటి ఉన్నదని దానికి ఎరుకనా అసలు?"

"సర్కారు రేడియనే. ఉత్తగ చెప్తదా?"

తెల్లారి చూస్తే ఆకాశం తోమిన తలె లెక్క ఉంటది. రోజూ గదే కథ. జొన్నపిండి గురిగి అడుగంటింది.

ఆఖరికి సత్తమ్మ బడిపంతులు ఇస్రాయేలు సారును బజార్ల ఆపింది. "సారూ, మీరన్న మా ఆయనకు జర చెప్పుండ్రి. గా పెట్టె చెప్పినట్టే వాన పడతదా?"

సారు మంచోడే. కాకుంటే ఒక్క మాట అడిగితే పాఠం మొదలువెడ్తడు. "చూడమ్మా, ఉడికే కుండ మీది మూత తీస్తె నీళ్లబొట్లు ఉంటయి కదా. ఎండకు లేచిన ఆవిరి పైన సల్లబడి గట్లనే బొట్లయితది. పలుచటి మబ్బుల నుంచి సన్న తుంపర రాల్తది. మబ్బు మందంగ ఉంటే బొట్టూ బొట్టూ అతుక్కొని, బరువెక్కి వాన పడతది. ఎండకాలం పగటీలి దాటినంక గుట్టల లెక్క మబ్బులు లేస్తయి చూడు, గా మబ్బులల్ల గాలి కింది నుంచి పైకి తంతది. పడబోయే బొట్టును మల్ల పైకి ఎగేస్తది. ఆడ గడ్డకట్టి, పొర మీద పొర ఎక్కి, గాలి మొయ్యలేనప్పుడు రాయి లెక్క వచ్చి పడతది."

"అయ్యో సారూ! వాన ఎట్ల పుడ్తదని ఎవలడిగిండ్రు? మా ఇంట్లకెళ్లి చుట్టాలు ఎన్నడు లేస్తరో చెప్పుండ్రి."

సారు నవ్విండు. "రేడియ తెలంగాణ అంతటికీ కలిపి చెప్తదమ్మా. ఒక్క ఊరి ముచ్చట దానితోని కాదు."

గీ మాట మొగని చెవుల పడాలని సారును ఇంటిదాక తీస్కపోయింది. గుర్వయ్య అంతా విని తల ఊపిండు. "గందుకే సారూ, ఇంకొక రోజు ఆగుదమంటున్న," అన్నడు. సత్తమ్మ నెత్తి కొట్టుకున్నది.

గా రాత్రే రేడియ మాట మార్చింది. రేపు అంతటా పొడి వాతావరణమే అన్నది. గుర్వయ్య ఉరుక్కుంట వచ్చి అందర్నీ లేపిండు. పొద్దు పొడవంగనే కత్తెర్లు కదిలినయి, పగటీలికల్లా మందంతా బోడిగైంది. ఇంట్ల నల్లటి బొచ్చు కుప్ప చూసి సత్తమ్మకు పానం నిమ్మళమైంది. మొగని గొంగడి బొక్కలు పడి జల్లెడైంది, కొత్తది నేయించాలె.

పొద్దు వాలేయాళ్లకు మర్రిగూడ దిక్కు నుంచి మబ్బు లేచింది. చూస్తుండంగనే ఊరి నెత్తి మీదికొచ్చింది. మొదలు దుమ్ము, ఎనుకనే రాళ్లు. రేగ్గాయలంత రాళ్లు పెంకుల మీద టపటప కొడుతుంటే బోడి గొర్లు ఒకదాని కింద ఒకటి తల దూర్చి అరుస్తున్నయి.

"బడిలకు కొట్టుండ్రి!" అని సత్తమ్మ ఒర్లింది. రాళ్ల దెబ్బలకు వీపు వాస్తున్నా అందరు కలిసి మందను బడిలకు తోలిండ్రు. సారు బల్లలు పక్కకు గుంజి జాగ చేసిండు. తలుపేసినా వణుకు ఆగలే. గొర్ల దౌడలు కొట్టుకునుడు ఇనవడుతాంది. ఒక ముసలి గొర్రె మోకాళ్ల మీద కూలింది.

సత్తమ్మకు ఏడుపొచ్చింది. ఏడుస్త కూసుంటే అయితదా? ఇంటికి ఉరికి, బొచ్చు మూట మీద పాత గొంగడి కప్పి నెత్తిన పెట్టుకొని వచ్చింది. తెచ్చింది తెచ్చినట్టే గొర్ల కిందా మీదా పరుస్తుంటే భిక్షం చెయ్యి పట్టుకున్నడు. "చెల్లె, పెంటల ఖరాబైతది. నేసెటోడు ముట్టడు."

"ముట్టకపోతే పాయె! గొర్రె సస్తే నువ్విస్తవా? పోయి ఇంకో మూట తేపో!"

వారం దినాల నుంచి తిన్న రొట్టెల బలమంతా భిక్షం గప్పుడు చూపిచ్చిండు. ఉన్న బొచ్చంతా మోసుకొచ్చిండు. కూలిన ముసలిదాన్ని చుట్టాలంతా బొచ్చుల చుట్టి చేతులతోని రాసి రాసి కాపాడిండ్రు.

తెల్లారి తలుపు తీస్తే గొర్లన్నీ నిలబడి ఉన్నయి. బొచ్చు మాత్రం పెంటల తొక్కులాడి ముద్దైంది. పక్కూరోళ్లను అడిగితే ఆడ చుక్క రాలలేదట. చుట్టాలు కడుపునిండ తిని బండెక్కిండ్రు.

పొద్దుగూకినంక గుర్వయ్య మల్ల పంచాయతి ఆఫీసుకు పోయిండు. పోతున్నోన్ని చూసి సత్తమ్మ పండ్లు కొరికింది. ఇయ్యాల రానీ, కడిగి పారేస్త అనుకొని, అడగాలనుకున్నయన్నీ నోటి కొసకు పెట్టుకొని కూసున్నది.

ఆయన జల్దిగనే వచ్చిండు. గోడకానుకొని కూసున్నడు. కండ్లు ఎర్రగున్నయి.

"ఏమన్నది నీ రేడియ?"

"నిన్న తెలంగాణల యాడా వాన పడలేదట. నేను లేచి, మా ఊర్ల పడ్డది, నా గొర్లనడుగు అన్న. ఆడున్నోళ్లంతా నవ్విండ్రే. పెట్టెతోని కొట్లాడుతున్నవా అని నవ్విండ్రు. గంత పడితే పడనే లేదన్నది సత్తమ్మా."

ఆమె నోట్లె పెట్టుకున్న తిట్లన్నీ యాడికి పోయినయో ఏమో. రొట్టె తుంచి, తొక్కు వేసి ఆయన ముందల పెట్టింది.

"పడ్డదయ్యా," అన్నది. "నేను చూసిన. పడ్డది. తిను."