చెయ్యి చాచి చూసిన సైనికుడు

నలభై ఏళ్ళు మనుషుల నోళ్ళలోకి తొంగిచూసి విసిగిపోయినవాడికి బొమ్మలంటే ముద్దు రావడంలో వింతేముంది? బొమ్మ నోరు తెరవదు. పళ్ళు బిగుతుగా ఉన్నాయని వారం తిరక్కుండా వచ్చి గుమ్మంలో నిలబడదు. కట్టుడు పళ్ళు చేసి చేసి వీధి వీధంతటి చేతా పళ్ళాయన అని పిలిపించుకున్న ఆ మనిషి, పని మానేశాక అదే మైనం, అవే అచ్చులు, అదే సన్నటి ఆకురాయి ముందేసుకుని సీసంతో సైనికుల్ని పోతపోయడం మొదలుపెట్టాడు.

ఆదివారం పొద్దున ఆ ఇంటి ముందుగదిలో నలుగురు చేరేవారు: పళ్ళాయన, దర్జీ, బస్సు డ్రైవరు, గడియారాలు బాగుచేసే ఆయన. బల్ల మీద కొండలూ వాగులూ అమర్చి, పాచికలు వేసి, టేపుతో కొలుచుకుంటూ, ఎప్పుడో ముగిసిపోయిన యుద్ధాలన్నీ మళ్ళీ చేసేవారు. జుట్టు నెరిసినవాళ్ళకి బొమ్మలాటేమిటని నవ్వేవాళ్ళు నవ్వారు. వీళ్ళకి మాత్రం అంగుళం తేడా వస్తే ప్రాణాల మీదికి వచ్చినట్టుండేది.

ఈసారి తగువు బొమ్మల సైజు దగ్గర వచ్చింది. పళ్ళాయన చేతులు ఈ మధ్య వణుకుతున్నాయి. పూర్తిగా మూలపడకముందే ఒక్క యుద్ధం చేసి తీరాలనుకున్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళ కింద ఏటి వంతెన దగ్గర జరిగిందది. అందులోనే అతని తమ్ముడు పోయాడు. ఇంట్లో అందరూ వాణ్ణి చిన్నోడు అనేవారు. ఇరవై నాలుగేళ్ళకే పోవడంతో ఆ పేరు అలాగే ఉండిపోయింది.

"ఆరు మిల్లీమీటర్లవి చెయ్యి. బియ్యపు గింజంత ఉంటేనేం, దళమంతా బల్ల మీద పడుతుంది" అన్నాడు దర్జీ.

"గింజలకి మొహాలెక్కడుంటాయయ్యా? ఇరవై ఎనిమిదివి చెయ్యి. వాడెవడో తెలియకుండా వాడి చావు చూసి ఏం చేస్తాం?" అన్నాడు డ్రైవరు.

గడియారాలాయన ఎప్పటిలాగే మధ్యలో దూరి పదిహేను అన్నాడు. ఇద్దరూ కలిసి ఆయన మీద పడ్డారు. చివరికి, ఆ రోజు వంతెన దగ్గరున్న మనిషినే అడిగేద్దామని తేల్చారు.

అక్కడున్న మనిషి పళ్ళాయన బావ, అక్క మొగుడు. అప్పట్లో కెప్టెను. శత్రువు ఏరు దాటకుండా వంతెన పేల్చమని ఆయనకి ఆజ్ఞ. మీట ఆయన చేతిలో ఉంది. చిన్నోడితో కలిపి పందొమ్మిది మంది అవతలి ఒడ్డున మిగిలిపోయారు. వాళ్ళు ఎనిమిది వందల మీటర్ల దూరంలో ఉన్నారనీ, వాళ్ళకంటే ముందు శత్రువుల బండ్లే వంతెనెక్కేసేవనీ ఇంటికి కబురు మోసుకొచ్చింది అక్క. బావని ఎప్పుడడిగినా తలూపేవాడు. అమ్మ ఆ అంకె పట్టుకునే మిగిలిన పదకొండేళ్ళూ నెట్టుకొచ్చింది. "ఎనిమిది వందల మీటర్లంటే మాటలా? మా అల్లుడు మాత్రం ఏం చేస్తాడు?" అని పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ తనే చెప్పేది. అల్లుడొస్తే తన చేత్తోనే వడ్డించేది.

పళ్ళాయనకీ ఏనాడూ అనుమానం రాలేదు. పైగా బావ పళ్ళ సెట్టు చేసింది తనే. ఇరవై ఏళ్ళుగా ఆయన మాట్లాడిన ప్రతి మాటా తను చేసిన పళ్ళ మధ్య నుంచి వచ్చిందే, అందులో అబద్ధముంటే తనకి తెలియదా అనుకునేవాడు. పిచ్చి మారాజు!

బుధవారం అక్కా బావా వచ్చారు. పళ్ళాయన మూడు సైజుల బొమ్మలు పళ్ళెంలో పెట్టి ఆయన ముందుంచాడు.

బావకి సైన్యం నాటి అలవాటొకటి ఉంది. దూరాన మనిషి కనపడితే చాలు, కుడిచెయ్యి నిటారుగా చాచి, ఎడమకన్ను మూసి, బొటనవేలు అడ్డంపెట్టి చూసేవాడు. ఆ మనిషి వేలి మీద ఎంత ఎత్తు వస్తే దాన్నిబట్టి దూరం చెప్పేవాడు. పెళ్ళిపందిట్లోనైనా, ఆస్పత్రి వరండాలోనైనా అంతే. పిల్లలు పరిగెత్తుకెళ్ళి అడుగులేసి చూస్తే రెండు మీటర్లకి మించి తేడా వచ్చేది కాదు.

ఇప్పుడూ అదే చేశాడు. ఆరు మిల్లీమీటర్ల బొమ్మని వేళ్ళ మధ్య పట్టుకుని, చెయ్యి చాచి, ఎడమకన్ను మూశాడు.

"ఇంకా రాలేదు" అన్నాడు.

పదిహేనుది పట్టుకున్నాడు. "ఇంకా."

ఇరవై ఎనిమిదిది పట్టుకున్నాడు. చాచిన చెయ్యి దిగలేదు. "ఆఁ. ఇక్కడ. సరిగ్గా ఇంతే ఉన్నాడు. చెయ్యి ఊపుతున్నాడు" అన్నాడు.

అక్క గబుక్కున లేచింది. "ఏమండీ, మాత్ర వేసుకునే వేళైంది, పదండి. ఏరా, పెద్దవే చేసుకో, ఆయన చెప్పారుగా." ఆ బొమ్మని ఆయన వేళ్ళలోంచి తనే విడిపించి పళ్ళెంలో పెట్టింది. పాపం, అక్క మనసు కలుక్కుమందనుకున్నాడు పళ్ళాయన. అతని కళ్ళూ చెమ్మగిల్లాయి.

మర్నాటి నుంచి పనిలో పడ్డాడు. చెయ్యి ఊపుతున్న చిన్నోణ్ణి మైనంతో చేశాడు. ఆ పెదవి, ఆ పెద్ద చెవులు చేస్తుంటే వేళ్ళ వణుకు కూడా కాస్త తగ్గింది. పోతపోసి, ఆకురాయితో రుద్ది, వెలుగులో చూద్దామని కిటికీ దగ్గరికి వెళ్ళాడు. బావలాగే చెయ్యి చాచి, ఒక కన్ను మూసి చూశాడు.

వీధి మలుపులో తాళాలు బాగుచేసే ఆయన కొట్టు బయట నిలబడి ఉన్నాడు. చిన్నోడి బొమ్మ వెళ్ళి ఆయన పక్కన నిలబడింది. ఇద్దరూ ఒకే ఎత్తు. తలకి తల, కాలికి కాలు.

పళ్ళాయన చెయ్యి దించాడు. మళ్ళీ ఎత్తాడు. అదే ఎత్తు. బల్ల మీది మూడు మీటర్ల టేపు తీసుకుని చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి దిగి, కిటికీ కింద నుంచి పరుచుకుంటూ పోయాడు. పన్నెండు సార్లు పరిచేసరికి తాళాలాయన కాళ్ళ దగ్గర తేలాడు.

"ఏం పోగొట్టుకున్నారండీ?" అని ఆయన వంగి తనూ వెతకబోయాడు.

పళ్ళాయన టేపు చుట్టేశాడు. ముప్పై ఆరు మీటర్లు. వంతెన పొడవు అరవై. బావ ఈ ఒడ్డున, వంతెన మొదట్లోనే, మీట పట్టుకుని కూర్చున్నాడు. ఇక లెక్కకట్టడానికేముంది? చిన్నోడు అవతలి ఒడ్డున లేడు. ఏటి మధ్యలో, వంతెన మీద ఉన్నాడు. దాదాపు సగం దాటి వస్తున్నాడు.

కోపం ముంచుకొచ్చింది. అన్నం సయించలేదు. వెళ్ళి ఆ పళ్ళ సెట్టు పీకి పారేద్దామనుకున్నాడు. వెళ్ళలేదు. పని చేశాడు. బొమ్మల కొలతలోనే వంతెన కట్టాడు, మీటరు పొడవు వచ్చింది. మిగిలిన పద్దెనిమిది మందినీ పోతపోశాడు. ఆ ఆదివారం ఆట లేదని ముగ్గురికీ కబురు పెట్టి, పై శనివారం పొద్దున అక్కాబావల్ని పిలిపించాడు.

"బావా, ఈ కొలతలో ఎనిమిది వందల మీటర్లంటే పదమూడు మీటర్లు. బల్ల దాటి, గుమ్మం దాటి, నడివీధిలో పడుతుంది. మనవాళ్ళని నడివీధిలో పెట్టనా, ఎక్కడ పెట్టమంటారు?" అన్నాడు.

బావ బల్ల కేసి చూశాడు. చిన్నోణ్ణి తీసుకున్నాడు. ఈసారి చెయ్యి చాచలేదు. వంగి, వంతెన మీద, దాదాపు సగం దాటాక, నిలబెట్టాడు.

"వాళ్ళ వెనకే శత్రువుల బండి ఉందిరా. ఇరవై అడుగులు కూడా లేదు. నేను పేల్చకుండా ఆగితే అదీ దాటేసేది. ఊళ్ళో నాలుగు వేల మంది... చిన్నోడు నన్ను చూశాడు. నేనున్నానని ధైర్యంగా చెయ్యి ఊపాడు." అంతవరకే అని కుర్చీలో కూలబడ్డాడు.

"మరి ఎనిమిది వందలని ఎలా చెప్పగలిగారు బావా? అమ్మకి! అమ్మ చేతి అన్నం తింటూ!"

"ఆయన చెప్పలేదు" అంది అక్క. గోడకి ఆనుకుని నిలబడి ఉంది. "ఆయన వచ్చిన రోజే నాకు నిజం చెప్పేశారు. అమ్మ కాళ్ళ మీద పడతానన్నారు. నేనే పడనివ్వలేదు. ఎనిమిది వందలన్నది నేను. నోటికొచ్చిన అంకె చెప్పాను. తమ్ముడెలాగూ పోయాడు, మొగుణ్ణీ పోగొట్టుకోమంటావా?"

పళ్ళాయన అక్క మొహం చూశాడు. చిన్నోడిదీ అదే పెదవి. మొన్నటిదాకా ఆ పెదవి చెయ్యడానికే కళ్ళు కాయలు కాచేలా కూర్చున్నాడు. వాళ్ళు వెళ్ళేటప్పుడు గుమ్మం దాకా కూడా వెళ్ళలేదు.

ఆదివారం ముగ్గురూ వచ్చారు. పెద్ద బొమ్మలే గెలిచినందుకు డ్రైవరు సంబరపడి, బల్ల చుట్టూ తిరిగి చూసి ఆగాడు.

"వంతెన మీద ఈ పందొమ్మిది మందీ ఎవరు? వాళ్ళవాళ్ళా?"

"మనవాళ్ళే" అన్నాడు పళ్ళాయన.

"అదేమిటయ్యా! మనవాళ్ళు మీదుండగా ఎవడైనా వంతెన పేలుస్తాడా? వెనక్కి జరుపు వీళ్ళని" అని నవ్వుతూ చిన్నోణ్ణి రెండు వేళ్ళతో పట్టుకుని లాగాడు.

బొమ్మ కదల్లేదు. పళ్ళాయన పందొమ్మిది మంది కాళ్ళకీ జిగురు పెట్టి అతికించేశాడు.