గట్టు మీది గురువు

"పడవ చిన్నదన్నావు, మార్చాను. డాక్టరు లేడన్నావు, ఉన్న దీవి వెతికాను. ఇప్పుడేమో గదికీ గదికీ మధ్య దూరమెక్కువట. అమ్మా, అసలు నీకు రావాలని ఉందా, లేదా?"

కూతురు ల్యాప్‌టాప్‌ను భోజనాల బల్ల మీద తల్లివైపు తిప్పింది. నాలుగు రోజులుగా ఇంట్లో ఇదే గొడవ. తల్లికి యాభై నిండుతున్నాయి కాబట్టి అందరూ కలిసి ఏదో చిన్న దీవికి వెళ్లాలి, తల్లీకూతుళ్లు పక్కపక్కనే స్కూబా డైవింగ్ చెయ్యాలి. కూతురి పట్టుదల అది. వడపోయగా రెండు రిసార్టులు మిగిలాయి. మొదటి దీవిలో ఒడ్డు దాటగానే లోతు. రెండోదాని చుట్టూ చాలా దూరం నడుంలోతు నీళ్లే.

"ఆ రెండోది కొత్తగా నేర్చుకునేవాళ్లకి. నాకు ఈత నేర్పిన గురువుగారిని అక్కడికి తీసుకెళ్తే నా పరువేం కావాలి?" అంది కూతురు. "ఫారం నింపేస్తున్నా. రెండు వందల మీటర్లు ఆగకుండా ఈదగలరా? నిన్ను అడగాలా ఏంటి, టిక్కు పెట్టేశా."

తల్లి నీళ్లు నమిలింది. ఆమెకు ఈత రాదు.

కూతురికి ఆరేళ్లప్పుడు నీళ్లంటే హడలు. "నీకొచ్చా?" అని అడిగితే, పిల్ల భయం పోతుందని, "వచ్చు. చెవినొప్పని డాక్టరు నీళ్లలో దిగొద్దన్నాడు," అనేసింది. తను పనిచేసే లైబ్రరీలోంచి ఈత పుస్తకం తెచ్చి, బొమ్మలన్నీ కంఠతా పట్టింది. ఎనిమిదేళ్లపాటు కొలను గట్టున చీర తడవకుండా నిలబడి, "మోచెయ్యి పైకెత్తు, మోకాళ్లు మడవకు," అని కేకలేసింది. ఆ కేకలతోనే పిల్ల పతకాలు తెచ్చింది. పోయిన నెల కూతురు చెవుల డాక్టరు దగ్గరికి లాక్కెళ్తే ఆయన రెండు చెవుల్లోనూ లైటు వేసి చూసి, నిక్షేపంలా ఉన్నాయన్నాడు. ఇక ఆ సాకూ లేదు.

"నాకర్థమైందిలే," అంది కూతురు, బల్లకి అటువైపు నానమ్మ పక్కన కూర్చున్న తండ్రివైపు తిరిగి. "నీకు పడవ పడదని అమ్మ సాకులు వెతుకుతోంది. అంతా నీ వల్లే నాన్నా."

"లిఫ్టులు బాగుచేస్తూ రోజంతా పైకీ కిందికీ తిరుగుతాడు, అప్పుడేం కాదు. పడవ మాటెత్తితే చాలు, కడుపులో దేవుతుంది," అంది నానమ్మ, కొడుకును ఎగాదిగా చూస్తూ.

కాదని ఒక్క మాట అంటే సరిపోయేది. తల్లి బల్ల మీది గుడ్డ అంచును గోటితో గీరుతూ కూర్చుంది.

"అవునమ్మా, తప్పు నాదే," అన్నాడు తండ్రి.

ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఆరిన బట్టలు తీసే నెపంతో బాల్కనీలోకి వెళ్లింది. అతను వెనకే వచ్చాడు. క్లిప్పులు తీసి ఒక్కొక్కటే ఆమె చేతికందిస్తూ గొంతు తగ్గించి అన్నాడు.

"నేను ఆగిపోతాలే. ఆ వారమే ఆస్పత్రి లిఫ్టు పని పడిందని చెబుతా. నువ్వేం కాదనకు."

"ఎందుకండీ అబద్ధం?"

"నీకోసం ఒక్కటాడితే ఏం పోతుంది? చెవినొప్పని నీకొచ్చిన విద్య మానుకుని, పిల్లకోసం అన్నేళ్లు గట్టు మీదే నిలబడ్డావు. నీళ్లకేసి ఎలా చూసేదానివో నాకు తెలీదా? ఈసారి దిగు."

నీళ్లకేసి అలా చూసింది ఆశతో కాదు, పిల్ల మునిగితే దూకడం కూడా రాదే అన్న భయంతో. అది ఈ మనిషికి ఎలా చెప్పాలి? అతని మొహం చూడలేక ఆమె చేతిలోని తువ్వాలును మడిచి, విప్పి, మళ్లీ మడిచింది. తన మీద పడ్డ నిందకు అతను సంజాయిషీ కూడా అడగలేదు. పైగా ఆమె కోసం ఇంకో అబద్ధం మోస్తానంటున్నాడు.

బట్టలు కుర్చీలో పడేసి బల్ల దగ్గరికి వచ్చింది.

"ఆ టిక్కు తీసెయ్యమ్మా," అంది.

"ఏ టిక్కు?"

"నాకు ఈత రాదు. ఎప్పుడూ రాలేదు. చెవికీ ఏం కాలేదు."

కూతురు తెర మీంచి కళ్లెత్తి తల్లిని చూసింది. బాల్కనీ గుమ్మంలో తండ్రి క్లిప్పుల బుట్టతో ఆగిపోయాడు. తల్లి ఎవరివైపూ చూడలేదు.

"మీ నాన్న తప్పేం లేదు, ఆయనా వస్తారు," అంది మెల్లగా. "రెండో దీవి బుక్ చెయ్యి. నడుంలోతు నీళ్లలో నాకు ముందు ఈత నేర్పు."