టోఫ్టే గారి ఫోన్ నంబరు

మెడికల్ కాలేజీ దరఖాస్తులో, చదువు కాక చేసిన పనులకని పదిహేను గళ్ళుంటాయి. ఏం చేశావు, ఎన్ని గంటలు చేశావు, అది నిజమని చెప్పే మనిషి పేరేమిటి, ఫోన్ నంబరెంత, అన్నీ రాయాలి. మంచితనాన్ని గంటల్లో కొలిచే ఈ పద్ధతి ఏ మహానుభావుడి బుర్రలో పుట్టిందో గానీ, అమెరికాలోని డులూత్‌లో డిగ్రీ చదివే మారెన్ హాగ్లండ్‌కి మూడేళ్ళుగా అదే లోకం. పద్నాలుగు గళ్ళు నిండాయి. పరిశోధన గడి ఒక్కటే ఖాళీ.

"అది ఖాళీగా ఉంటే నీ ఫైలు తీసి పక్కన పడేస్తారు," అంది కాలేజీ సలహాదారిణి. "మంగళవారాలు ల్యాబ్‌లో చోటుంది. ఒక్క రోజు మానేసినా తీసేస్తారు, జాగ్రత్త."

"మంగళవారం హాస్పిస్‌కి వెళ్తానండీ. రెండొందల గంటలు చేద్దామని."

"నూట యాభై దాటాయిగా, చాలు. అక్కడ మానెయ్."

ఇక మందులు పనిచెయ్యని వాళ్ళు ఆఖరి రోజులు గడిపే ఇల్లది. ప్రతి మంగళవారం రెండింటికి మారెన్ అక్కడ వెస్ టోఫ్టే మంచం పక్కన కూర్చుని పేకాడేది. ఆయన నలభై ఏళ్ళు ఊరి పక్క పెద్ద సరస్సు మీద ఇనుప ఖనిజం మోసే ఓడల్లో వంటవాడు. ల్యాబ్‌కి ఒప్పుకుని, ఇవాళే ఆఖరని చెప్పేద్దామని వెళ్ళింది.

"ఆ కాగితాల్లో నా నంబరు రాశావా?" అన్నాడాయన.

"రాశానండీ."

"ఎప్పుడు చేస్తారు ఫోను?"

"అక్టోబర్‌లో అనుకుంటా."

అది జూన్ నెల. డాక్టర్లు ఆయనకి చెప్పింది ఆరు వారాలు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"అయితే అప్పటిదాకా పోకూడదన్నమాట. పెద్ద పనే పెట్టావు."

"వద్దులెండి, నర్సు గారి పేరు రాస్తాను."

"నోర్ముయ్. ఆవిడకి నీ పేరే తెలీదు. ఏం చెప్పాలో రాసిపెట్టుకున్నా, విను." దిండు కింద నుంచి చీటీ తీసి గొంతు సవరించుకున్నాడు. "అయ్యా, నేను టోఫ్టేని. ఈ పిల్ల పేకాటలో దొంగ. కాఫీ పెట్టడం రాదు. నూట యాభై గంటలు కావాలంది, అవి మే నెల్లోనే అయిపోయాయి, నేను లెక్కపెట్టా. ఆ తర్వాత కూడా వస్తూనే ఉంది. ఇంకేం కావాలయ్యా మీకు?" చీటీ మడిచాడు. "బాగుందా?"

మారెన్‌కి తల కొట్టేసినట్టయింది. మొదట ఆయనతో అన్నది నూట యాభయ్యే; మే తర్వాత వచ్చింది ఆ లెక్కని రెండొందలు చేద్దామని. ఆ మాట చెప్పలేదు. ఇవాళే ఆఖరన్న మాటా నోట్లోంచి రాలేదు. బాగుందని తలూపి వచ్చేసింది.

మరుసటి మంగళవారం ల్యాబ్‌లో గాజు గొట్టాలు కడుగుతుంటే ఫోన్ మోగింది. గోడ గడియారం రెండుంపావు చూపిస్తోంది.

"పిల్లా, వాళ్ళింకా ఫోన్ చెయ్యలేదు. నంబరు సరిగ్గానే రాశావా?"

"సరిగ్గానే రాశానండీ."

"సరే మరి." ఆయన కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "ముక్కలు పంచేశా. దార్లో ఉన్నావా?"

సబ్బు నీళ్ళు మోచేతుల దాకా కారుతున్నాయి. ఆమెకి గట్టిగా ఏడవాలనిపించింది.

"దార్లోనే ఉన్నానండీ."

చేతి తొడుగులు విప్పుతుంటే ల్యాబ్ పెద్ద తలెత్తి చూశాడు. "ఎక్కడికమ్మా? ఇప్పుడు వెళ్తే మళ్ళీ రానక్కర్లేదు."

"తెలుసండీ," అంది. ల్యాబ్ కోటు విప్పి కొక్కేనికి తగిలించి బయటికి నడిచింది.