మైకమ్మ కొత్త గొంతు

ఆ బస్టాండులో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ మైకమ్మే. ఎంక్వయిరీ గదిలో మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తుందో చెప్పడం ఆమె ఉద్యోగం. గొంతు తేనె. బస్సు సంగతి మరిచి ఆ గొంతే వింటూ కూర్చుని, బస్సు తప్పిపోయినవాళ్లున్నారు. వాళ్లలో ఒకడు ఆమెను పెళ్లి కూడా చేసుకున్నాడు. డ్రైవర్లు మాత్రం టీ కొట్టు దగ్గర నుంచి కదిలేవాళ్లు కాదు. "బండి తీయమని బతిమాలుతోందిరా, ఇంకోసారి చెప్పించుకుందాం" అని నవ్వుకునేవాళ్లు.

ఆ తేనె గొంతు నెలనెలా మూలుగయ్యేది. పొత్తికడుపులో ఎవరో పలుగు పెట్టి తవ్వుతున్నట్టుండేది. సెలవడిగితే మేనేజరు కళ్లజోడు పైనుంచి చూసేవాడు. "మళ్లీనా మైకమ్మా? మా ఇంట్లో ఆడాళ్లు లేరా?"

కూతురింట్లో ఉండే అత్తగారు ఫోనులోనే తేల్చేసేది. "నాటకాలు. మేమూ కన్నాం, పెంచాం. ఎప్పుడైనా మంచం ఎక్కామా?"

గర్భసంచి లోపలుండాల్సిన పొర బయట కూడా మొలిచిందనీ, నొప్పంతా దానిదేననీ డాక్టరమ్మ చెప్పింది. ఏవేవో మందులు వాడి చూశాక, చివరికి హార్మోను మాత్రలు రాసింది. "ఇది మగవాళ్ల హార్మోనుకు దగ్గరి చుట్టం. గొంతు బొంగురుపోతే ఆ రోజే ఆపేసి నా దగ్గరకు రావాలి. పోయిన గొంతు తిరిగొస్తుందని హామీ లేదు. విన్నావా?"

విన్నది. తలూపింది కూడా.

నొప్పి పోయింది. మొదటి నెల నమ్మలేదు, రెండో నెల నమ్మింది. మూడో నెల గొంతు గరగరలాడింది. జలుబు అన్నాడు భర్త. ఉప్పునీళ్లు పుక్కిలించమంది పక్కింటావిడ. జలుబు కాదని ఆమెకు తెలుసు. అయినా ఎవరికీ చెప్పలేదు. నడుము పట్టుకోకుండా లేచే పొద్దులకి అలవాటు పడ్డ మనిషి, ఆ మాత్రల సీసాను ఎలా వదులుతుంది?

పైగా బస్టాండులో వింత జరిగింది. స్పీకర్లోంచి "బస్సు తీయాలి" అని గరుకు గొంతు వినపడగానే డ్రైవర్లు గ్లాసులు పారేసి పరిగెత్తారు. పైనుంచి కొత్త ఆఫీసరెవరో దిగాడని పుకారు. బండ్లన్నీ వేళకి కదిలాయి. మేనేజరు ముఖం వెలిగిపోయింది. "జలుబైతే అయింది గానీ మైకమ్మా, ఇలాగే ఉంచుకో!"

ఒక ఆదివారం భర్త ఫోను ఇంట్లో మరిచి బయటికెళ్లాడు. మోగితే ఆమె ఎత్తి "హలో" అంది.

"నాన్నా, నేనురా," అంది అత్తగారు. "ఆ మహాతల్లి ఇంకా మందులు మింగుతోందా? నాటకాలకి మందులేమిట్రా!"

మైకమ్మ నోటిదాకా వచ్చిన "నేనత్తయ్యా" అన్న మాటని మింగేసింది. "అమ్మా, అది నాటకం కాదు. ఇంకోసారి ఆ మాట అనొద్దు."

అత్తగారి గొంతు వెంటనే మెత్తబడింది. "అలాగే నాన్నా. నువ్వు చెప్పాక ఇంకేముంది. పాపం, పిల్ల ఎంత బాధపడిందో ఏమో."

ఆ మాటే ఆమె తన గొంతుతో ఎన్నేళ్లుగానో చెబుతోంది. ఫోను పెట్టి పడీపడీ నవ్వింది. నవ్వుకుంటూనే గిన్నెలు తోముతూ అలవాటుగా కూనిరాగం ఎత్తుకుంది. పై స్థాయికి పోయేసరికి రాగం రాలేదు, ఉత్త గాలి వచ్చింది. మళ్లీ ప్రయత్నించింది. గాలే. నవ్వు ఆగిపోయింది. మర్నాడే ఆస్పత్రికి పోయింది.

"నొప్పి తగ్గిందని ఫోను చేసి మరీ చెప్పావు. గొంతు సంగతి చెప్పలేదేం?" డాక్టరమ్మ మండిపడింది.

"చెబితే ఆపేస్తారుగా, అందుకని."

డాక్టరమ్మ పాత చీటీ లాక్కుని కొట్టేసింది. మాత్రలు ఆపించి, వచ్చే వారం నుంచి ఇంజెక్షన్లు మొదలుపెడదామంది. వాటితో ఒంట్లోంచి ఆవిర్లు వస్తాయట, ఎముకలు కూడా చూసుకోవాలట.

"గొంతు పోదుగా?"

"దీనికి పోదు. పోయింది వస్తుందో లేదో చూద్దాం."

ఇంజెక్షను కంటే ముందు నొప్పే వచ్చేసింది. పాత పలుగే, పాత చోటే. మంచం మీద ముడుచుకుని మేనేజరు గదికి ఫోను కలిపింది. తనిఖీకి వస్తానన్న పెద్దాఫీసరు ఫోను చేస్తాడని ఆయన పొద్దుటి నుంచి ఆ ఫోను పక్కనే కూర్చున్నాడు.

"ఈరోజు రాలేను. ఒంట్లో బాగాలేదు," అంది ఆ గరుకు గొంతుతోనే.

"అయ్యో సార్! ఒళ్లు ముఖ్యం సార్. హాయిగా పడుకోండి. ఎన్ని రోజులైనా తీసుకోండి సార్!"

"మంచిది. నేను మైకమ్మని."

వైరు అవతల కుర్చీ కిర్రుమంది.

"మళ్లీనా మైకమ్మా?" అన్నాడు. ఆయన గొంతు మాత్రం ఏ మాత్రకీ మారేది కాదు.

 ఆమె ఆ 'ఎన్ని రోజులైనా' అన్న మాటని జాగ్రత్తగా దాచుకుని, ఫోను పెట్టేసి అటు తిరిగి పడుకుంది.