పక్కింటి కుండ

ఊళ్లో జనం ఏం తింటున్నారో వాళ్లనే అడిగితే తెలిసిపోతుందనుకోవడం చదువుకున్నవాళ్ల అమాయకత్వం. పరమేశ్వర్‌కు ఈ సంగతి ఇబ్రహీంపట్నంలో మూడో ఇంటి దగ్గర అర్థమైంది. అప్పటికే కడుపు పగలడానికి సిద్ధంగా ఉంది.

రెండో ప్రపంచ యుద్ధం ఇంకా రాని రోజులు. పరమేశ్వర్, అతని స్నేహితుడు విద్యాసాగర్ హైదరాబాదు యూనివర్సిటీలో బీఎస్సీ చదువుతున్నారు. వాళ్లకు రసాయనశాస్త్రం చెప్పే ప్రొఫెసర్ రాంచంద్ర సాబ్‌కు పల్లె తిండిలో బలమెంతో తేల్చాలన్న పట్టుదల పుట్టింది. ఎండాకాలం సెలవుల్లో ఇద్దరినీ పరమేశ్వర్ సొంత ఊరికి పంపాడు. "ఇల్లిల్లు తిరగండి. రోజు వండేదే రాయండి, పండుగ వంట కాదు. ఆఖరుకు నేనొచ్చి చూస్త" అన్నాడు.

పరమేశ్వర్‌కు ఎమ్మెస్సీ చదివి సాబ్ దగ్గరే పరిశోధన చేయాలని ఆశ. తండ్రి మల్లేశయ్యకు వాణ్ణి బీఎస్సీతో ఆపి పట్వారి దగ్గర పనికి కూర్చోబెట్టాలని పట్టు. బతిమాలగా బతిమాలగా ఆయన ఒక్క మెట్టు దిగాడు. "మీ సార్ మనింటికొచ్చి, వీడు పనికొస్తడని నా ముందల చెప్పాలె. గప్పుడు సూద్దాం" అన్నాడు. అంటే ఎమ్మెస్సీ భారమంతా ఇప్పుడు ఊరివాళ్ల వంటకుండల మీద పడింది.

మొదటి ఇల్లు ఈదమ్మది. మల్లేశయ్య కొడుకు త్రాసు పట్టుకుని గడపలోకొస్తే జొన్నరవ్వ ఉడకేసిన గట్క చూపించడానికి ఆమెకేం ఖర్మ? సన్నబియ్యం వండింది, కోడిని కోసింది, నెయ్యి పోసింది. తూకం వేయబోతే "ముందుగాల తిను బిడ్డా" అంది. తినకుండా లేస్తే ఆ ఇంటిని అవమానించినట్టే. రెండో ఇంట్లో అంతే, మూడో ఇంట్లో అంతే. మూడో ఇంట్లో విద్యాసాగర్ పరమేశ్వర్ చెవిలో గొణిగాడు.

"ఈ సొట్ట గిన్నె సూసినవా? ఈదమ్మ నెయ్యి పోసింది దీంట్లకెల్లే. మనకన్న ముందుగాల ఇదే ఇల్లిల్లు తిరుగుతున్నది."

వారం తిరిగేసరికి వాళ్ల కాగితాల్లో ఇబ్రహీంపట్నం తిండిలో నవాబుల దేవిడీలను మించిపోయింది. విద్యాసాగర్ పట్నంలో పుట్టినవాడు, భోజనప్రియుడు. "మీ ఊరు మస్తున్నది. నేనింక పట్నం పోను" అన్నాడు. పరమేశ్వర్‌కు ఏడుపొక్కటే తక్కువ. ఇది చూపిస్తే సాబ్ మెడపట్టి గెంటేస్తాడు. తను పుట్టి పెరిగిన ఊరే, ఏం తింటారో తనకు తెలుసు. కానీ తెలుసునని రాస్తే దాన్ని పరిశోధన అనరు.

ఆ సాయంత్రం దారి దొరికింది. పక్కింటి నాగులమ్మ గోడ మీదుగా తల పెట్టి పలకరించింది.

"ఈదమ్మ ఇంట్ల కోడి తిన్నరంట. దానికి కోడెక్కడిది? మా చెల్లె దగ్గర బదులు తెచ్చింది. పొద్దుగాల అంబలి, మాపటికి గట్క, గంతే దాని వంట."

పరమేశ్వర్ నిలబడిపోయాడు. "మరి మీ ఇంట్లనో పెద్దమ్మా?"

"మాదా? మాది ఎప్పటికీ బియ్యమే బిడ్డా" అంది నాగులమ్మ కన్నార్పకుండా.

మర్నాటి నుంచి ఎవరింటి సంగతి వాళ్లను అడగడం మానేశారు. పక్కింటి సంగతి అడిగారు. కుడిపక్కవాళ్ల మాట, ఎడమపక్కవాళ్ల మాట ఒకటైతేనే రాశారు. ఊరు నోరు విప్పింది. ఎవరు పుంటికూరలో నూనె వేయరో, ఎవరి సల్లలో సల్ల కంటే నీళ్లు ఎక్కువో, అడగనివి కూడా చెప్పారు. ఒక్క తన ఇంటి గురించి మాత్రం పరమేశ్వర్ ఎవరినీ అడగలేదు. రోజూ తింటున్నదే కదా. బియ్యం, పప్పు, పెరుగు అని రాసేశాడు.

చెప్పినట్టే సాబ్ బస్సు దిగి వచ్చాడు. పరమేశ్వర్ తల్లి సుగుణమ్మ అరుగు మీద విస్తరి వేసి, ఉన్నవీ లేనివీ వడ్డించింది. మల్లేశయ్య కొత్త తలపాగాతో స్తంభం పక్కన కూర్చున్నాడు. పక్కింటి ఉపాయం విని సాబ్ పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఎంత నిజమో సూద్దాం" అని గోడ వైపు తిరిగాడు. నాగులమ్మ అక్కడే ఉంది. ఆమె ఇంకెక్కడ ఉంటుంది?

"అమ్మా, ఈ ఇంట్ల రోజు ఏం వండుతరు?"

స్తంభం చాటున ఉన్న మల్లేశయ్య ఆమెకు కనపడలేదు. "పోరడు ఇంట్ల ఉన్నన్ని దినాలే బియ్యం, పెరుగు, గది గూడ వానొక్కనికే. వాడు బస్సెక్కంగనే మళ్ల గట్క, పచ్చిపులుసు. బర్రె పాలన్నీ వాని చదువుకే పాయె."

పరమేశ్వర్ తల వంచుకున్నాడు. ఊరందరి కుండలూ చూసిన తను, కన్నతల్లి కుండ చూడలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది.

"నీ ఇల్లే తప్పు రాసినవ్. కొట్టేసి రాయి" అన్నాడు సాబ్.

"రాయొద్దు" అన్నాడు మల్లేశయ్య. ఆయన ముఖం కందగడ్డలా ఉంది. "ఊర్ల నాకింత ఇజ్జత్ ఉన్నది. పట్నంల గట్కోళ్లని పేరు రావాల్నా?"

రాస్తే తండ్రి చదువు మాన్పిస్తాడు. రాయకపోతే సాబ్ మళ్లీ గుమ్మం తొక్కనివ్వడు. పరమేశ్వర్ కలం తీశాడు.

"ఈదమ్మది నిజం రాసి మనది అబద్ధం రాస్తే, రేపు ఆమె మొఖం ఎట్ల సూడాలె బాపూ?" అని, బియ్యం కొట్టేసి గట్క అని రాశాడు.

సాబ్ విస్తరి పక్కకు జరిపాడు. "అక్కా, ఆ గట్క ఉంటే జర తీసుకరా" అన్నాడు.

సుగుణమ్మ మొగుడి ముఖం చూసింది, ఆపైన లోపలికి వెళ్లి తమ ఇద్దరికీ దాచుకున్న గట్క తెచ్చింది. సాబ్ పచ్చిపులుసు కలిపి తిన్నాడు, వేళ్లు నాకాడు, మళ్లీ పెట్టమన్నాడు.

"మల్లేశన్నా, మీవోడు పనికొస్తడు. నాకియ్యి."

మల్లేశయ్య చాలాసేపు సాబ్ తినడమే చూశాడు. చివరికి కొడుకుతో, "రాస్తే రాసినవ్ గని, సార్ రెండోసారి పెట్టించుకున్నడని గూడ రాయి" అన్నాడు. భార్య వైపు తిరిగి, "ఎమ్మెస్సీ అంటే ఇంకో రెండేండ్లంట. రెండేండ్లు గట్కనే తిందం, ఏమైతది?" అన్నాడు.

"మనమొక్కలమే ఎందుకు?" అంది సుగుణమ్మ. "ఇప్పుడు ఎర్కైంది గద, ఇంటికొస్తే వీడు గూడ గదే తింటడు."