దీపావళికి వచ్చే ఫోన్

నాలుగో మరమగ్గం మీద నాడెలో నూలు కండె అయిపోయింది. రాజమల్లు చూపు కంటే ముందే అతని చేయి అక్కడికి చేరింది. పిడి గుంజి సాంచె ఆపాడు. ఖాళీ కండె ఊడబెరికి, నిండు కండె దూర్చి, పోగు కొసను నాడె కంట్లోంచి లాగి, పిడి మళ్లీ తోశాడు. ఒకప్పుడు నాలుగు క్షణాల్లో అయ్యే ఆ పనికి ఇప్పుడు ఏడెనిమిది క్షణాలు పడుతోంది. పొద్దున ఎనిమిది కూడా కాలేదు. పాళీ ఎక్కినప్పటి నుంచి అది యాభయ్యోసారో అరవయ్యోసారో. అతని చేతికింద ఎనిమిది సాంచెలున్నాయి. వాటి మధ్య సందులో అతను పన్నెండు గంటలు అటూ ఇటూ నడుస్తాడు. ఏడాదికి ఈ సూరత్ నుంచి తన సిరిసిల్లకు ఎన్నిసార్లు నడిచినట్టో ఎవరూ లెక్కగట్టలేదు.

యాభై నాలుగేళ్ల మనిషి. సన్నగా, కాస్త ముందుకు వంగి ఉంటాడు. కనురెప్పల మీద, ముక్కు లోపల, చెవి మడతల్లో పోగుల నూగు. చూపుడు వేలికీ బొటనవేలికీ మధ్య చర్మం ఎన్నో ఏళ్లుగా ముడులు వేసి వేసి గట్టిపడింది. చెవులు మాత్రం పనిచేయవు. ఎడమది నలభై దాటకుండానే పోయింది, కుడిది ఆ తరువాత నెమ్మదిగా పోయింది. అరవై నాలుగు సాంచెలు ఒక్క కప్పు కింద పగలూ రాత్రీ దడదడలాడే చోట ముప్పయ్యేళ్లు నిలబడితే చెవులు ఎవరికి మిగులుతాయి? సేట్‌కు మిగిలాయి. ఆయన గది అద్దాల వెనక ఉంది.

అయినా రాజమల్లు మాటకు కరువు పడలేదు. సాంచెల మీద పనిచేసేవాళ్లు పెదవులు చూసి మాట పట్టుకుంటారు. దానికి చేతులు తోడు. రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తే పోగు తెగిందని. బొటనవేలు నోటి దగ్గర పెడితే చాయ్ అని. పొట్ట ముందు అరచేయి గుండ్రంగా తిప్పితే సేట్ వస్తున్నాడని. ఈ చివరి సైగ కనిపెట్టినవాడు పరుశురాం.

పరుశురాం ఎదుటి వరస సాంచెలు నడిపేవాడు. ఇరవై రెండేళ్లు ఇద్దరూ ఒకరికెదురుగా ఒకరు నిలబడి పనిచేశారు. వరసకు బావ, ఊరు కూడా ఒకవైపే. పిల్లల పెళ్లిళ్లు, పాలివాళ్లతో పంచాయితీలు, కూర ఉప్పన కావడం, అన్నీ ఆ ఆరడుగుల సందుకు అటూ ఇటూ నిలబడే మాట్లాడుకున్నారు. ఒకరి గొంతు ఎలా ఉంటుందో ఇద్దరికీ మరుపొచ్చింది. పరుశురాం ముఖంలో ప్రతి మడతా మాత్రం రాజమల్లుకు కంఠతా వచ్చు.

హోలీ దాటాక పరుశురాం ఊరెళ్లిపోయాడు. దగ్గితే నెత్తురు పడుతోంది. నూగు లోపల పేరుకుపోయిందన్నాడు డాక్టరు. సేట్ ఆ కాగితం చూసి, "ఆరామ్ కరో" అన్నాడు. మూడో రోజు ఆ సాంచెల మీద కొత్త కారీగర్ నిలబడ్డాడు. పరుశురాంవి ఆ షెడ్డులో ఇక మిగిలినవి ఒక మేకు, దానికి వేలాడుతున్న పాల ప్యాకెట్ కవరు.

వాకిలి పక్కన కిటికీ చట్రానికి ఆ మేకులు వరసగా కొట్టి ఉన్నాయి. మనిషికొకటి. పనిలోకి దిగే ముందు ఎవరి ఫోన్ వాళ్లు కడిగి ఆరబెట్టిన పాల కవర్లో పెట్టి, మూతి ముడేసి తమ మేకుకు తగిలిస్తారు. లేకపోతే నూగు దూరి వారంలో ఫోన్ మూగబోతుంది. పైగా ఆ షెడ్డులో సిగ్నల్ అంటూ తొంగిచూసేది ఆ కిటికీ దగ్గరే. మోగితే వినబడదు, వణికితే తెలియదు, ఎందుకంటే నేలే వణుకుతుంది. అందుకే కిటికీకి దగ్గరున్నవాడు తెర వెలిగినప్పుడు ఎర్రగుడ్డ ఊపుతాడు. ఆ పని ఇప్పుడు రవీంద్రది.

రవీంద్రకు ముప్పై నాలుగు. సూరత్‌లోనే పుట్టి పెరిగినవాడు. తెలుగు మొదలుపెట్టి హిందీలోకి, అక్కడి నుంచి గుజరాతీలోకి జారిపోతాడు. మంచివాడే. కాని రాబోయే ఫోన్ల పిచ్చి. చేతిలో ఉన్న ఫోన్‌తో ఏనాడూ తృప్తి లేదు. రాని ఫోన్ గురించి చెప్పేవాళ్ల చానెల్ ఒకటుంది, పొద్దున లేస్తే అదే. ఆ చానెల్‌ను రాజమల్లు ఫోన్‌లో కూడా పెట్టించింది అతనే. బంగారు రంగు కళ్లద్దాల మనిషి ఒకడు కుర్చీలో కూర్చుని చేతులు ఊపుతాడు. దీపావళికి వస్తుందట. ఇప్పటి వేగానికి పదింతలట. సినిమా మొత్తం కన్ను మూసి తెరిచేలోగా దిగుతుందట. వీడియో కాల్ ఆగడమన్నదే ఉండదట. ఎవరు చెప్పారంటే లోపలివాళ్లు చెప్పారట. ఏ లోపలివాళ్లో, ఎంత లోపలివాళ్లో!

ఆ 'అట'లను రాజమల్లు నమ్మాడు. చదువు లేక కాదు, ఆశ పుట్టి నమ్మాడు. చెవుల్లేని ఇద్దరు మనుషులకు ఫోన్ అంటే బొమ్మ. ఆ బొమ్మ కదిలితేనే మాట, ఆగితే మాట లేదు. రోజూ సాయంత్రం చాయ్ వేళకు రాజమల్లు ఫోన్‌ను కిటికీ గూట్లో నిలబెట్టి మూడడుగులు వెనక్కి జరిగేవాడు. అక్కడ పరుశురాం కూడా ఫోన్‌ను స్టూలు మీద పెట్టించుకుని మంచం మీద దూరంగా కూర్చునేవాడు. పెదవులతోపాటు చేతులు కూడా కనబడాలి కదా. సందుకు అటూ ఇటూ నిలబడ్డట్టే ఉండేది. ఒక నిమిషం బాగుండేది. తరువాత బొమ్మ ముక్కలై, పరుశురాం నోరు ఒకచోట, చేయి ఒకచోట నిలిచిపోయేవి. మధ్యలో ఒక సున్నా తిరిగేది. ఆ సున్నాను రాజమల్లు ఎన్ని బూతులు తిట్టాడో లెక్కలేదు.

మిరుగంలో, తొలకరి వేళ, అతను ఊరికి బయల్దేరబోయాడు. సేట్‌ను పది రోజుల సెలవు అడిగి, గునిసి గునిసి ఒప్పించి, టికెట్ కూడా తీసుకున్నాడు. ఆ వారమే రవీంద్ర ఆ వీడియో చూపించాడు. రాజమల్లు ఆలోచించాడు. పోతే పది రోజులు. వచ్చాక మళ్లీ ఈ సున్నాయే. అదే దీపావళిదాకా ఆగి రెండు ఫోన్లు కొంటే రోజూ ఎదురెదురుగా కూర్చోవచ్చు. టికెట్ వాపస్ చేశాడు. బొమ్మ బాగా వచ్చిన ఒక రోజు సంబరంగా చెప్పాడు.

"బావా, దీపావళికి కొత్త ఫోన్ వస్తున్నది. నీకొకటి, నాకొకటి. అద్దంల చూసుకున్నట్టే ఉంటదట. జర ఓపిక పట్టు."

పరుశురాం నవ్వాడు. నవ్వు దగ్గయింది. దగ్గు తగ్గాక పెదవులు నిదానంగా కదిపాడు. "ఓపిక నాకున్నది బావా. ఊపిరినడుగు."

ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా రాజమల్లుకు ఒళ్లు మండుతుంది. ఎవరిమీదో తెలియక ఇంట్లో భార్య జమున మీద అరుస్తాడు. సూరత్ శివారు వడోద్‌లో ఒంటి గది వాళ్లది. ఆమె చీర అంచులకు రాళ్లు అతికిస్తూ అతని వైపు తలెత్తి, "గంత కోపం ఎవలి మీద?" అంటుంది.

పదిన్నరకు చాయ్. బయట సందులో బల్ల మీద కూర్చున్నారు. రవీంద్ర తన ఫోన్ చూస్తూ చూస్తూ ముఖం ఇటు తిప్పి, రాజమల్లుకు తెలిసేలా నోరు విప్పి మాట్లాడాడు.

"కాకా, దీపావళికి రాదట. ఫిబ్రవరి అంటున్నరు. గని స్పీడ్ డబుల్ అట. జర ఆగితే నీకే ఫాయిదా."

రాజమల్లు చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"ఎవడంటున్నడు?"

"సబ్ లోగ్ అంటున్నరు కాకా."

"సబ్ లోగ్ అంటే ఎవడు? వానికో పేరుంటదా, లేదా?"

"చానెల్ ఆయన."

"వాడు ఆ ఫోన్ చేతిల పట్టుకున్నడా?"

రవీంద్ర నవ్వాడు. "యాడికెల్లి పట్టుకుంటడు? ఇంక తయారే గాలే."

చెవుడు వచ్చినవాడికి తన గొంతు ఎంత లేస్తుందో తెలియదు. సందంతా తిరిగి చూసింది. "తయారే కానిదాని స్పీడ్ వానికెట్ల ఎరుకరా? వాని నోట్ల మన్నువడ! మిరుగంల రైలెక్కేటోణ్ని, మీ మాటలు విని ఆగిన. నన్ను ఆపిన్రు మీరు!"

రవీంద్ర ముఖం చిన్నబోయింది. "నేనేం జేసిన కాకా, చూపిచ్చిన గంతే" అన్నాడు. అది నిజమే. నిజం కాబట్టే రాజమల్లుకు మరింత మండింది. టికెట్ వాపస్ చేసిన చేయి తనదే. సగం చాయ్ వదిలేసి లోపలికి పోయాడు.

ఆ పూటంతా సాంచెలు అతన్ని పరీక్షించాయి. రెండో దాని మీద పడుగు పోగులు మాటిమాటికీ తెగాయి. ఏడోదాని మీద బట్ట గీత పడితే అజమాయిషీ చేసే మాస్టర్ వచ్చి వేలెత్తి చూపించి పోయాడు. ముడివేస్తూ వేస్తూ రాజమల్లు ఒక నిర్ణయానికి వచ్చాడు. రేపు పొద్దున సేట్‌ను అడుగుతాడు. ఇస్తే సెలవు, లేదంటే సాంచెలు ఎవరికైనా ఇచ్చుకోనీ. బావను కళ్లతో చూడాలి. ఇవాళ సాయంత్రం చాయ్ వేళకు ఆ సంగతే బావకు చెప్పాలి.

మూడున్నరకు ఎర్రగుడ్డ ఊగింది.

ఇది వాళ్ల వేళ కాదు. రాజమల్లు పరుగున పోయి కవరు ముడి పళ్లతో విప్పాడు. తెర మీద పరుశురాం ఉన్నాడు. పడుకుని ఉన్నాడు. స్టూలు లేదు, ఫోన్ అతని భార్య పోశమ్మ చేతిలో ఉన్నట్టుంది, బొమ్మ వణుకుతోంది. అతని చెంపలు లోపలికి పోయాయి, కళ్లు మాత్రం తేటగా ఉన్నాయి. రాజమల్లు ఫోన్ గూట్లో నిలబెట్టి అలవాటుగా మూడడుగులు వెనక్కి జరిగాడు.

పరుశురాం వేళ్లు దుప్పటి మీద కదిలాయి. ఎన్ని నడుస్తున్నయని అడుగుతున్నాడు. రాజమల్లు ఎనిమిది వేళ్లు చూపించాడు. పరుశురాం తల ఆడించాడు, మెచ్చుకున్నట్టు.

"బావా, వస్తున్న" అన్నాడు రాజమల్లు, పెదవులతోనూ చేతులతోనూ. "ఫోన్ లేదు గీన్ లేదు. రేపే బయల్దేరుత."

పరుశురాం చూశాడు. అతనికి అందిందో లేదో. చూపుడు వేలు ఒకటి పైకెత్తాడు. ఒక్క మాట చెప్పాలి, ఉండు అని. పెదవులు విచ్చుకున్నాయి.

బొమ్మ ఆగిపోయింది.

ఎత్తిన వేలు, విచ్చుకున్న పెదవులు, వాటి మీద సున్నా. రాజమల్లు ఫోన్ లాక్కుని వాకిట్లోకి పరుగెత్తాడు. సున్నా తిరుగుతూనే ఉంది. సందులో టెంపోలో బట్ట తాకాలు ఎక్కిస్తున్న హమాలీలను తోసుకుంటూ మెట్లెక్కాడు. మొదటి అంతస్తులోనూ సాంచెలే, వాటిని దాటి డాబా మీదికి చేరాడు. ఎదురుగా నాలుగు భవనాల అవతల టవర్ నిలబడి ఉంది, గొప్పింటి పెళ్లికొడుకులా. రాజమల్లు ఫోన్‌ను రెండు చేతులతో ఎత్తి దానికి చూపించాడు. "నీ అవ్వ, ఇప్పుడన్న ఇయ్యరా!" అని అరిచాడు. "ఒక్కటే మాట! పదింతలు ఎవనిక్కావాలె, ఒక్క మాట ఇయ్యి!"

ఎంతసేపు నిలబడ్డాడో తెలియదు. బొమ్మ కదిలింది. ముందు దూలం కనబడింది, తరువాత గోడ, తరువాత పోశమ్మ ముఖం, మరీ దగ్గరగా. ఆమె ఎన్నడూ సాంచె పట్టలేదు, ఆమెకు పెదవుల భాష రాదు. కాని ఆ తెరిచిన నోరు చదవడానికి ఏ విద్యా అక్కర్లేదు. అన్నా, అంటోంది. మళ్లీ మళ్లీ అదే అంటోంది. ఇప్పుడు బొమ్మ ఒక్కసారి కూడా ఆగలేదు. ఆమె కన్నీళ్లు, కొంగు, వెనక గోడకు తగిలించిన పరుశురాం చొక్కా, అన్నీ అద్దంలో చూసినట్టు స్పష్టంగా వచ్చాయి.

"వస్తున్న చెల్లె" అన్నాడు. ఫోన్ ఆపేశాడు.

కిందికి దిగేసరికి మూడు సాంచెలు కండెలు అయిపోయి నిలిచి ఉన్నాయి. మాస్టర్ చేతులు ఊపుతూ ఎదురొచ్చాడు. రాజమల్లు అతన్ని దాటిపోయి, నడుస్తున్న అయిదు సాంచెలనూ ఒకదాని తరువాత ఒకటి ఆపాడు. పాళీ మధ్యలో చేతికింది సాంచెలన్నీ ఆపిన మనిషిని ఆ షెడ్డు ఎన్నడూ చూడలేదు. పక్క వరసలవాళ్లు పని ఆపకుండానే తలలు తిప్పారు. రవీంద్ర దగ్గరికొచ్చి అతని ముఖం చూశాడు. అర్థమైంది. పెదవులు తడబడ్డాయి.

"కాకా, సేట్ నీ సాంచెలు వేరేటోనికిస్తడు. పొద్దుగాల చెప్పి పో."

"ఇయ్యనీ."

"పొయ్యేసరికి దహనం అయిపోతది గద..."

"ఎరుకే" అన్నాడు రాజమల్లు. "బూడిదన్న చూస్త. అదన్న నిలవడి కనవడుతది."

ఫోన్ ఇంకా చేతిలోనే ఉంది. దాన్ని ఒకసారి నేలకేసి కొట్టబోయాడు. కొట్టలేదు. ఆ తెర మీద ఎత్తిన వేలు ఇంకా ఉన్నట్టే అనిపించింది. ఏం చెప్పబోయాడో, ఇక ఎంత వేగమొచ్చినా ఆ మాట రాదు. అలవాటు పడిన చేతులు ఫోన్‌ను కవర్లో పెట్టి మూతి ముడేశాయి. కిటికీ దగ్గర మేకుల వరస ముందు ఒక క్షణం నిలబడి, దాన్ని పరుశురాం మేకుకు, ఆ పాత ఖాళీ కవరు పక్కనే తగిలించాడు. గూట్లోంచి టిఫిన్ డబ్బా తీసుకుని, ఒంటి మీది నూగు దులపకుండానే బయటికి నడిచాడు. రవీంద్ర వెనకనుంచి పిలిచాడు. వినబడే చెవులు లేవు, తిరిగి చూసే మనిషీ కాదు.

మాస్టర్ వేరేవాణ్ని తెచ్చి ఎనిమిది సాంచెల మీద నిలబెట్టాడు. అయిదు దాటకముందే అవన్నీ మళ్లీ దడదడలాడాయి, నేల వణికింది, కిటికీ చట్రం వణికింది. పరుశురాం మేకుకు వేలాడుతున్న కవర్లో తెర వెలిగింది. బంగారు రంగు కళ్లద్దాల మనిషి, అతని పక్కన ఇంకా తయారుకాని ఫోన్ బొమ్మ, కింద పెద్ద అక్షరాలు. ఎవరూ ఎర్రగుడ్డ ఊపలేదు. తెర ఆరిపోయింది, పాల కవరు మీద నూగు కొత్తగా పడుతూనే ఉంది.